ఆర్గానిక్ కెమిస్ట్రీ గ్రూపులో చేరడం ఎలా: గ్రూపు వార్తల నుంచి జాయినింగ్ రిపోర్టు దాకా

ఎమ్మెస్సీ ఆర్గానిక్ చివరి సెమిస్టర్‌లో ఉన్నవాళ్లలో చాలామంది పీహెచ్‌డీ అంటే నోటిఫికేషన్ పడేదాకా ఆగడమే అనుకుంటారు. నోటిఫికేషన్ యూనివర్సిటీ వేస్తుంది. పని మాత్రం ఒక గ్రూపులో, ఒక గైడ్ దగ్గర, ఒక ఫ్యూమ్‌హుడ్ (ఆవిర్లను బయటికి లాగే అర) ముందు అయిదేళ్లు చేయాలి. కాబట్టి వెతకాల్సింది గ్రూపును. నోటిఫికేషన్‌కు మూడు నాలుగు నెలల ముందే మొదలుపెట్టండి.

హైదరాబాద్‌లోనే చూస్తే సెంట్రల్ యూనివర్సిటీ స్కూల్ ఆఫ్ కెమిస్ట్రీ, తార్నాకలోని ఐఐసీటీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ), ఉస్మానియా, ఐఐటీ, బిట్స్ క్యాంపస్ ఉన్నాయి. తిరుపతిలో ఐఐటీ, ఐసర్, ఎస్వీ యూనివర్సిటీ; వరంగల్‌లో నిట్; విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ. ఎంపిక పద్ధతి ఒక్కోచోట ఒక్కోలా ఉన్నా, గ్రూపును అంచనా వేసే తీరు అన్నిచోట్లా ఒకటే.

1. గ్రూపు వార్తల్లో ఖాళీని పసిగట్టండి

దాదాపు ప్రతి గ్రూపూ తన పేజీలో వార్తలు పెడుతుంది. అభినందనలు చదివి వదిలేయకండి. ఒక్కో వార్త వెనక మీకు పనికొచ్చే సమాచారం ఉంటుంది.

"ఫలానా విద్యార్థి థీసిస్ డిఫెండ్ చేశారు" అని ఉంటే ఒక సీటు ఖాళీ అయినట్టు. యూజీసీ నిబంధనల ప్రకారం ఒక ప్రొఫెసర్ కింద ఒకేసారి 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ కింద 6గురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ కింద 4గురు మాత్రమే పీహెచ్‌డీ స్కాలర్లు ఉండాలి. గ్రూపు సభ్యుల జాబితాలో పీహెచ్‌డీ వాళ్లను లెక్కపెట్టండి. అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురూ ఉండి, అందరూ రెండో మూడో ఏడాదిలోనే ఉంటే, ఆ సార్‌కు మీరు ఎంత నచ్చినా ఈ ఏడాది తీసుకోలేరు. నాలుగో ఏడాది దాటినవాళ్లు ఇద్దరుంటే ఆశ ఉన్నట్టే.

"కొత్త ప్రాజెక్టు మంజూరైంది" అంటే కొద్ది నెలల్లో ప్రాజెక్టు జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) ప్రకటన రావచ్చు. ఒకప్పుడు ఈ గ్రాంట్లు ఎక్కువగా సెర్బ్ (సైన్స్ అండ్ ఇంజినీరింగ్ రీసెర్చ్ బోర్డు) నుంచి వచ్చేవి. 2023 నాటి చట్టంతో ఏర్పడిన ఏఎన్‌ఆర్‌ఎఫ్ (అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్)లో అది కలిసిపోయింది కనుక ఇప్పుడు ఆ పేరు వెతకండి. ప్రకటనలో "కో-టెర్మినస్" అన్న మాట కనిపిస్తే, ప్రాజెక్టు అయిపోయిన రోజే ఉద్యోగమూ అయిపోతుందని అర్థం. మూడేళ్ల ప్రాజెక్టులో ఏడాదిన్నర గడిచాక చేరితే మీకు మిగిలేది ఏడాదిన్నరే. అది పీహెచ్‌డీకి చాలదు. చేరేముందే రెండు అడగాలి: ప్రాజెక్టు ఏ తేదీతో ముగుస్తుంది, ఈ పోస్టులో ఉంటూ పీహెచ్‌డీకి రిజిస్టర్ కానిస్తారా.

"కొత్త ఫ్యాకల్టీ చేరారు" అన్న వార్త చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. మా లెక్కలో అది తొందరపాటు. కొత్త గైడ్‌కు మొదటి ఇద్దరు ముగ్గురు విద్యార్థుల మీదే భవిష్యత్తంతా ఆధారపడి ఉంటుంది కాబట్టి పక్కన నిలబడి కాలమ్ వేయడం నేర్పిస్తారు. కష్టం మరోచోట ఉంటుంది. మొదటి ఏడాది సగం గ్లాస్‌వేర్ ఆర్డర్లు, వాక్యూమ్ లైన్ బిగించడం, కొటేషన్లతోనే గడిచిపోతుంది. అంత ఓపిక లేకపోతే కుదురుకున్న గ్రూపే మేలు.

వార్తలు రెండేళ్లుగా ఆగిపోతే రెండు కారణాలు ఉండొచ్చు. పేజీ చూసుకునే విద్యార్థి వెళ్లిపోయి ఉండాలి, లేదా గ్రూపే నెమ్మదించి ఉండాలి. గూగుల్ స్కాలర్‌లో తాజా పేపర్ల తేదీలు చూస్తే ఏదో తెలిసిపోతుంది. గైడ్ రిటైర్మెంట్ కూడా లెక్కేసుకోండి. సెంట్రల్ యూనివర్సిటీల్లో 65 ఏళ్లకు, సీఎస్‌ఐఆర్ (కౌన్సిల్ ఆఫ్ సైంటిఫిక్ అండ్ ఇండస్ట్రియల్ రీసెర్చ్) ల్యాబుల్లో 60 ఏళ్లకు రిటైరవుతారు. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం సర్వీసు మూడేళ్లకన్నా తక్కువ మిగిలినవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. మూడేళ్లకు కాస్త ఎక్కువ మిగిలినవాళ్లు తీసుకోవచ్చు గానీ, మీ థీసిస్ చివరి ఏడాదికి ల్యాబ్ ఎవరి చేతిలో ఉంటుందో ముందే ఆలోచించుకోవాలి.

2. పరీక్షలు, డబ్బు

సీఎస్‌ఐఆర్ నెట్ (ఫెలోషిప్, లెక్చరర్ అర్హతలకు జాతీయ పరీక్ష) ఏడాదికి రెండుసార్లు. కెమికల్ సైన్సెస్ పేపర్ 200 మార్కులు, మూడు గంటలు. పార్ట్ ఏలో 20 ప్రశ్నలిచ్చి 15, పార్ట్ బీలో 40 ఇచ్చి 35, పార్ట్ సీలో 60 ఇచ్చి 25 రాయమంటారు. ఏ, బీల్లో ఒక్కోదానికి 2 మార్కులు, సీలో 4. తప్పు రాస్తే ఆ ప్రశ్న మార్కుల్లో పావు వంతు పోతుంది. ఆర్గానిక్ వాళ్లు చేసే పొరపాటు ఒకటుంది: ఫిజికల్, ఇనార్గానిక్‌లను పూర్తిగా వదిలేయడం. పార్ట్ సీలో 60లోంచి 25 ఎంచుకునే వెసులుబాటు ఉంది కాబట్టి అక్కడ ఆర్గానిక్ బలం సరిపోవచ్చు. పార్ట్ బీలో 40లోంచి 35 రాయాలంటే ఆ రెండూ రాక తప్పదు. గ్రూప్ థియరీ, క్వాంటం ప్రాథమికాలు, కో-ఆర్డినేషన్ కెమిస్ట్రీ వరకైనా పట్టు తెచ్చుకోండి.

ఇప్పుడు నెట్ ఫలితం మూడు కేటగిరీల్లో వస్తోంది: జేఆర్‌ఎఫ్, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ అడ్మిషన్ మాత్రమే. రెండు, మూడు కేటగిరీల వాళ్లకు నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. ఆ స్కోరు అడ్మిషన్‌కు ఏడాదిపాటే చెల్లుతుంది. సీటు వస్తుంది, ఫెలోషిప్ మాత్రం విడిగా వెతుక్కోవాలి. ఏపీసెట్, టీజీసెట్ రాసి "క్వాలిఫై అయ్యాను, ఫెలోషిప్ ఎప్పుడు పడుతుంది" అని అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు. అవి లెక్చరర్ అర్హత పరీక్షలు, ఫెలోషిప్ ఇవ్వవు.

జేఆర్‌ఎఫ్ మొత్తం 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు. రెండేళ్ల తర్వాత కమిటీ ముందు పని చూపించి ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో) అయితే 42,000. హాస్టల్ ఇవ్వకపోతే ఊరి తరగతిని బట్టి ఇంటి అద్దె అలవెన్సు కలుస్తుంది. సీఎస్‌ఐఆర్ జేఆర్‌ఎఫ్‌కు ఏటా 20,000 కంటింజెన్సీ (పరిశోధన చిల్లర ఖర్చుల సొమ్ము) కూడా ఉంటుంది.

గేట్‌లో కెమిస్ట్రీ పేపర్ కోడ్ సీవై: 65 ప్రశ్నలు, 100 మార్కులు, అందులో 15 జనరల్ ఆప్టిట్యూడ్‌వి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఐఐటీల్లో పీహెచ్‌డీకి ఇది బాగా పనికొస్తుంది. ఐఐసీటీ లాంటి సీఎస్‌ఐఆర్ ల్యాబుల్లో పీహెచ్‌డీ ఏసీఎస్‌ఐఆర్ (ఆ ల్యాబుల తరఫున డిగ్రీలిచ్చే అకాడమీ) ద్వారా నడుస్తుంది. జనవరి, ఆగస్టు సెషన్లు రెండుంటాయి. ఎమ్మెస్సీలో యూనివర్సిటీ ఫస్ట్ ర్యాంకు వచ్చినవాళ్లు డీఎస్టీ ఇన్‌స్పైర్ ఫెలోషిప్ నిబంధనలు కూడా చూడండి.

3. పేపర్ చదవండి, సప్లిమెంటరీని ఇంకా శ్రద్ధగా చదవండి

ఆరేడు గ్రూపులు ఎంచుకుని, ఒక్కోదాని నుంచి గత మూడేళ్లలోని రెండు పేపర్లు తీసుకోండి. రివ్యూలు వద్దు. మెథడాలజీ పేపరైతే చదివే వరుస ఇది: మొదటి స్కీమ్, ఆప్టిమైజేషన్ టేబుల్, సబ్‌స్ట్రేట్ స్కోప్ (ఏయే మొదటి పదార్థాలతో రియాక్షన్ నడిచిందో), కంట్రోల్ ప్రయోగాలు, చివర మెకానిజం. ఇంట్రడక్షన్ తర్వాతైనా చదవొచ్చు. టేబుల్‌లో ఏది మార్చితే ఈల్డ్ పెరిగింది, ఏది తీసేస్తే సున్నా అయింది, ఏ సబ్‌స్ట్రేట్లు పనిచేయలేదు అన్నవి కాగితం మీద రాసుకోండి. పనిచేయని సబ్‌స్ట్రేట్ల దగ్గరే మీరు అడగాల్సిన ప్రశ్న దొరుకుతుంది.

సప్లిమెంటరీ (పేపర్‌తో పాటు విడిగా ఇచ్చే ప్రయోగ వివరాల ఫైలు) చూస్తే ఆ ల్యాబ్‌లో రోజు ఎలా గడుస్తుందో తెలుస్తుంది. ప్రతి రియాక్షన్ 0.2 మిల్లీమోల్ స్కేల్‌లో ఉందా? అయితే మీ రోజులు చిన్న చిన్న కాలమ్‌లతో, ముప్పై నలభై సబ్‌స్ట్రేట్లతో నడుస్తాయి. మొదటి స్టెప్ 20 గ్రాముల దగ్గర మొదలై చివరి స్టెప్ 4 మిల్లీగ్రాముల దగ్గర ఆగిందా? అది టోటల్ సింథసిస్ ల్యాబ్. అక్కడ ఒక్క తప్పు వర్కప్ (రియాక్షన్ అయ్యాక ప్రొడక్ట్‌ను బయటికి తీసే పని) మూడు నెలల మెటీరియల్‌ను మింగేస్తుంది. రెండూ మంచి శిక్షణే, మీ స్వభావం దేనికి సరిపడుతుందో చూసుకోండి.

శోధ్‌గంగలో (భారతీయ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారం) ఆ గైడ్ కింద వచ్చిన థీసిస్‌లు దొరుకుతాయి. రెండు పనులు చేయండి. రిజిస్ట్రేషన్, సబ్మిషన్ తేదీల మధ్య తేడా ఎంతో లెక్కేయండి. పీహెచ్‌డీకి యూజీసీ పెట్టిన కనిష్ఠ గడువు మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. వరుసగా అందరూ ఆరేళ్ల అంచుకు చేరుతుంటే కారణం అడిగి తెలుసుకోవాలి. తర్వాత, ఆ థీసిస్‌లోని పనికి వచ్చిన పేపర్లలో ఆ విద్యార్థి పేరు ఎన్నో స్థానంలో ఉందో చూడండి. పేపర్ పబ్లిష్ కావాలన్న షరతును యూజీసీ 2022లో తీసేసింది గానీ, చాలా సంస్థలు సొంత నిబంధనగా ఇంకా అడుగుతాయి. ఆ సంస్థ ఆర్డినెన్స్ చదివితే తేలుతుంది.

4. మీ బెంచ్ పనికి రుజువు తయారుచేసుకోండి

సీవీల్లో ఎక్కువగా కనిపించేది ఈ వరుస: "టీఎల్‌సీ, కాలమ్ క్రొమటోగ్రఫీ, రీక్రిస్టలైజేషన్, ఎన్‌ఎంఆర్, ఐఆర్ తెలుసు." ఇది చదివినవాళ్లకు ఏమీ తెలియదు. ఎమ్మెస్సీ ప్రాజెక్టు ఎంత చిన్నదైనా అంకెలతో రాయండి. చాల్కోన్ తయారీనే తీసుకుందాం, దాదాపు ప్రతి కాలేజీలో చేయించేదే కదా.

10 మిల్లీమోల్ స్కేల్ అంటే ఎసిటోఫినోన్ 1.20 గ్రాములు, బెంజాల్డిహైడ్ 1.06 గ్రాములు, జల-ఇథనాల్‌లో సోడియం హైడ్రాక్సైడ్. చాల్కోన్ అణుభారం 208.26 కాబట్టి పూర్తి ఈల్డ్ 2.08 గ్రాములు. మీకు 1.77 గ్రాములు వస్తే 85 శాతం. మెల్టింగ్ పాయింట్ 55–57 డిగ్రీలు. ప్రోటాన్ ఎన్‌ఎంఆర్‌లో 7.81 పీపీఎం దగ్గర డబ్లెట్ (జంట గీత), జె విలువ (ఆ గీతల మధ్య దూరం) దాదాపు 15.7 హెర్ట్జ్. కార్బన్‌లో కార్బొనిల్ 190.5 దగ్గర. ఈ నాలుగు వాక్యాలు సీవీలో ఉంటే మీరు తూకం వేశారని, లెక్క కట్టారని, స్పెక్ట్రమ్‌ను మీరే చదివారని అర్థమవుతుంది.

ఏం చెడిందో కూడా ఒక వాక్యం రాయండి, ఇంటర్వ్యూలో సంభాషణ అక్కడి నుంచే మొదలవుతుంది. ఉదాహరణకు పాత బెంజాల్డిహైడ్ సీసా. గాలి తగిలి అందులో కొంత బెంజోయిక్ ఆమ్లం అయిపోయి ఉంటుంది. సీసా మూత చుట్టూ తెల్లని స్ఫటికాలు కడితే అదే. వేసిన బేస్‌లో కొంత దాన్ని తటస్థం చేయడానికే పోతుంది, రియాక్షన్ నత్తనడక నడుస్తుంది. బైకార్బొనేట్‌తో కడిగి, ఆరబెట్టి, తగ్గించిన పీడనంలో స్వేదనం చేసి వాడితే సరి. ఉష్ణోగ్రత 30 డిగ్రీలు దాటితే పక్క చర్యలు పెరుగుతాయి. మరీ చల్లగా, 15 కన్నా తక్కువలో చేస్తే ప్రొడక్ట్ బంకగా దిగి కలపడానికి రాదు.

మీ ముడి డేటాను, అంటే ఎన్‌ఎంఆర్ ఎఫ్‌ఐడీ ఫైళ్లను (యంత్రం నమోదు చేసిన అసలు సిగ్నల్), కాలేజీ కంప్యూటర్‌లో వదిలిరాకండి. ప్రింటవుట్ స్కాన్ చేసి పంపితే అందులో ఇంటిగ్రేషన్ సరిచూడటం కుదరదు.

5. మెయిల్

ఒకే మెయిల్ వంద మందికి పంపితే అది తెరవగానే తెలిసిపోతుంది: "రెస్పెక్టెడ్ సర్ ఆర్ మేడమ్", "మీ అద్భుతమైన పరిశోధన", ఫాంట్ మధ్యలో మారిపోవడం. 150 నుంచి 200 పదాలు చాలు. సబ్జెక్ట్ లైన్‌లో మీరు ఎవరు, ఏ సెషన్, ఏ అర్హత ఉండాలి: పీహెచ్‌డీ అభ్యర్థి, జనవరి సెషన్, సీఎస్‌ఐఆర్ జేఆర్‌ఎఫ్. అర్హత ఇంకా రాకపోతే "డిసెంబర్ నెట్ రాస్తున్నాను" అని ఉన్నదున్నట్టు చెప్పండి.

మొదటి పేరాలో డిగ్రీ, కాలేజీ, మార్కులు, పరీక్ష ర్యాంకు. రెండో పేరాలో పైన చెప్పినట్టు అంకెలతో మీ పని. మూడో పేరాలోనే అసలు విషయం: వాళ్ల పేపర్ మీద ఒక ప్రశ్న. అది ఇలాంటిదై ఉండాలి: "ఆప్టిమైజేషన్ టేబుల్‌లో బేస్ వేయని ఎంట్రీలో కూడా కొంత ప్రొడక్ట్ వచ్చింది. సబ్‌స్ట్రేట్‌లోని అమీనే బేస్‌గా పనిచేసి ఉంటుందా? అలాగైతే అమైడ్ సబ్‌స్ట్రేట్‌తో ఆ ఎంట్రీ సున్నా కావాలి కదా?" మీ ఊహ తప్పయినా నష్టం లేదు. టేబుల్ చదివారన్నది కనబడితే చాలు. చివరి పేరాలో "ఈ సెషన్‌లో మీరు విద్యార్థులను తీసుకుంటున్నారా" అన్న ఒకే ప్రశ్న.

సీవీ రెండు పేజీలు, పీడీఎఫ్‌లో, ఫైల్ పేరు మీ పేరుతో. సర్టిఫికెట్ల స్కాన్లు అడిగేదాకా వద్దు. జవాబు రాకపోతే రెండు వారాల తర్వాత అదే థ్రెడ్‌లో ఒక్కసారి గుర్తుచేయండి. అప్పటికీ రాకపోతే ఆ గ్రూపును పక్కనపెట్టి ముందుకెళ్లండి. ఫోన్ నంబరు సంపాదించి చేయడం, వాట్సాప్‌లో గుడ్ మార్నింగ్ పెట్టడం మీకే చేటు. సీటు ఇప్పిస్తాం, పేపర్ వేయిస్తాం అంటూ డబ్బు అడిగే కన్సల్టెన్సీలకు ఒక్క రూపాయి ఇవ్వకండి. సీవీలో డబ్బు కట్టి వేయించుకున్న పేపర్ కనిపిస్తే అది మీకు మైనస్సే.

6. ఇంటర్వ్యూ

నేమ్ రియాక్షన్ల పేర్లు వల్లె వేసుకొచ్చి బోర్డు దగ్గర బాణం ఎటు వేయాలో తెలియక ఆగిపోయేవాళ్లే ఎక్కువ. బాణం ఎలక్ట్రాన్ జంట నుంచి మొదలై ఎలక్ట్రాన్లు తక్కువున్న చోటికి పోవాలి. ప్రోటాన్ నుంచి బాణం మొదలుపెట్టారంటే మొదటి నిమిషంలోనే అభిప్రాయం ఏర్పడిపోతుంది.

బోర్డు మీద చిన్న లెక్కలు చేయిస్తారు. 0.5 మిల్లీమోల్ స్కేల్ సుజుకి రియాక్షన్, 5 మోల్ శాతం పల్లాడియం అసిటేట్, ఎంత తూయాలి? 0.025 మిల్లీమోల్‌ను 224.5తో గుణిస్తే 5.6 మిల్లీగ్రాములు. 2 మిల్లీమోల్ సబ్‌స్ట్రేట్‌కు 1.2 ఈక్వివలెంట్ల బ్యూటైల్ లిథియం కావాలి, సీసా మీద 1.6 మోలార్ అని ఉంది. 2.4ను 1.6తో భాగిస్తే 1.5 మిల్లీలీటర్లు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న: సీసా తెరిచి ఆరు నెలలైంది, ఆ 1.6ను నమ్ముతావా? నమ్మకూడదు. డైఫినైల్ ఎసిటిక్ ఆమ్లాన్ని పొడి టీహెచ్‌ఎఫ్ (టెట్రాహైడ్రోఫ్యూరాన్) సాల్వెంట్‌లో కరిగించి, పసుపు రంగు నిలిచేదాకా టైట్రేట్ చేసి అసలు మొలారిటీ తెలుసుకుని వాడాలి.

కాలమ్ గురించి తప్పకుండా అడుగుతారు. 20 శాతం ఇథైల్ ఎసిటేట్–హెక్సేన్‌లో టీఎల్‌సీ ప్లేటు మీద రెండు స్పాట్లు 0.50, 0.45 దగ్గర (సాల్వెంట్ ఎక్కిన ఎత్తులో స్పాట్ ఎక్కిన వంతు) ఉన్నాయి, ఏం చేస్తావు? "స్లోగా కాలమ్ వేస్తాను" అన్నది జవాబు కాదు. ముందు పోలారిటీ తగ్గించి కావాల్సిన స్పాట్‌ను 0.2–0.3 దగ్గరకు దించాలి, తేడా అక్కడ బాగా తెలుస్తుంది. అప్పటికీ విడిపోకపోతే సాల్వెంట్ జాతినే మార్చాలి: టోలుయీన్, డీసీఎం (డైక్లోరోమీథేన్), ఈథర్ కలిపి చూడాలి. మామూలు విడదీతకు క్రూడ్ బరువుకు 30 నుంచి 50 రెట్ల సిలికా సరిపోతుంది, స్పాట్లు దగ్గరగా ఉంటే 100 రెట్లు వేయాలి, 100–200 మెష్ బదులు 230–400 మెష్ తీసుకుని గాలి ఒత్తిడితో నడపాలి. కాంపౌండ్ సిలికా మీద చెడిపోతోందన్న అనుమానం ఉంటే టూ-డైమెన్షనల్ టీఎల్‌సీ చేయాలి. చదరపు ప్లేటు మూలన స్పాట్ పెట్టి ఒకసారి నడిపి, కాసేపు ఆగి, 90 డిగ్రీలు తిప్పి అదే సాల్వెంట్‌లో మళ్లీ నడపండి. మూల నుంచి మూలకు వెళ్లే కర్ణం మీదే స్పాట్లన్నీ ఉంటే కాంపౌండ్ క్షేమం. కర్ణానికి పక్కన కొత్త స్పాట్ కనిపిస్తే సిలికా దాన్ని తినేస్తోంది. ఆమ్లానికి తట్టుకోని కాంపౌండ్ అయితే సాల్వెంట్‌లో 1 శాతం ట్రైఇథైల్‌అమీన్ కలిపి చూస్తారు.

మీ సొంత ఎన్‌ఎంఆర్ తెచ్చుకోమంటారు. అందులో 4.12 దగ్గర క్వార్టెట్, 2.05 దగ్గర సింగ్లెట్, 1.26 దగ్గర ట్రిప్లెట్ కనిపిస్తే అది రోటా (సాల్వెంట్‌ను ఆవిరి చేసి లాగేసే పరికరం) మీద సరిగ్గా పోని ఇథైల్ ఎసిటేట్. దాన్ని తన ప్రొడక్ట్‌లోని ఇథైల్ ఎస్టర్‌గా చూపించే అభ్యర్థి ఏటా ఒకరైనా ఉంటారు. డ్యూటరేటెడ్ క్లోరోఫామ్‌లో గుర్తుండాల్సినవి: క్లోరోఫామ్ 7.26, నీళ్లు 1.56, డీసీఎం 5.30, ఎసిటోన్ 2.17, గ్రీజు 1.26, 0.86. డీఎంఎస్‌ఓలో అయితే సాల్వెంట్ 2.50, నీళ్లు 3.33. చాల్కోన్ ట్రాన్స్ అని ఎలా చెప్పావంటే జె విలువ చెప్పాలి. రెండో డబ్లెట్ 7.53 దగ్గర ఆరోమాటిక్ గుంపులో కలిసిపోతుందని, అందుకే 7.81 దాన్నే కొలిచానని చెప్తే బోర్డు ముఖాలు మారడం మీరే చూస్తారు.

భద్రత మీద ఒకటి రెండు ప్రశ్నలు ఖాయం. సోడియం ఎజైడ్ వాడిన రియాక్షన్‌ను డీసీఎంతో ఎక్స్‌ట్రాక్ట్ చేయొచ్చా? వద్దు, పేలిపోయే డైఎజిడోమీథేన్ తయారు కావచ్చు. ఎజైడ్ ఉన్న నీళ్లలో ఆమ్లం పోయకూడదు, హైడ్రజోయిక్ ఆమ్లం వస్తుంది. లిథియం అల్యూమినియం హైడ్రైడ్‌ను ఎలా క్వెంచ్ చేస్తావు? ఈథర్‌తో పలుచన చేసి ఐస్ బాత్‌లో, గ్రాము హైడ్రైడ్‌కు చుక్క చుక్కగా 1 మిల్లీలీటర్ నీళ్లు, తర్వాత 15 శాతం సోడియం హైడ్రాక్సైడ్ 1 మిల్లీలీటర్, మళ్లీ నీళ్లు 3 మిల్లీలీటర్లు. ఈ వరుస పాటిస్తే అల్యూమినియం లవణం ఇసుకలా దిగి సులువుగా వడపోతకు వస్తుంది. నీళ్లు ఒక్కసారిగా పోస్తే హైడ్రోజన్‌తో నిప్పు ప్రమాదం, ఆపైన వడకట్టడానికి రాని జెల్.

తెలియని ప్రశ్నకు "తెలియదు సార్, కానీ ఇలా ఆలోచిస్తాను" అని మొదలుపెట్టండి. ఇంగ్లీషు తడబడితే ఎవరూ మార్కులు తీసేయరు, స్ట్రక్చర్ గీసి చూపించండి.

7. చేరేముందు సీనియర్లను అడగాల్సినవి

గైడ్ గురించి "సార్ మంచివారేనా" అని అడిగితే అందరూ "మంచివారే" అంటారు. ప్రశ్న కొలతల్లో ఉండాలి. ఎన్‌ఎంఆర్ శాంపిల్ ఇచ్చాక ఎన్ని రోజులకు వస్తుంది? కాలమ్ సిలికా, హెక్సేన్ స్టాకులో ఉంటాయా, లేక వారాలు ఆగాలా? ఇండెంట్ పెట్టిన కెమికల్ రావడానికి ఎంతకాలం? ఫెలోషిప్ నెలనెలా పడుతుందా, ఒకేసారి బకాయిగా పడుతుందా? డ్రాఫ్ట్ ఇచ్చాక గైడ్ ఎన్నాళ్లకు సరిదిద్దుతారు? ఆదివారం ల్యాబ్‌కు రాకపోతే ఏమవుతుంది? మధ్యలో మానేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్లతోనే మాట్లాడటానికి ప్రయత్నించండి, ఒక వైపు మాటతో తీర్పు ఇవ్వకండి.

మొదటి ఫెలోషిప్ చేతికి రావడానికి కొన్ని నెలలు పట్టడం మామూలే. హాస్టల్, మెస్ ఖర్చులు ఆ కాలానికి దగ్గర ఉంచుకుని చేరండి.

8. సమ్మర్ ప్రాజెక్టులు, విదేశాలు

ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలోనో, బీఎస్సీలోనో ఉన్నవాళ్లకు సైన్స్ అకాడమీల సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ మంచి దారి. రెండు నెలలు, స్టైపెండ్ ఉంటుంది, దరఖాస్తులు వేసవికి చాలా ముందే, చలికాలం మొదట్లో ముగుస్తాయి. బెంగళూరు జేఎన్‌సీఏఎస్‌ఆర్ కూడా వేరేగా ఇలాంటిదే నడుపుతుంది. రెండు నెలల్లో పేపర్ రాదు, రాకపోయినా పర్వాలేదు. ఆ గైడ్ మీ పని కళ్లారా చూసి రాసిన రికమెండేషన్ లెటర్ తర్వాత అయిదేళ్లు పనికొస్తుంది.

అమెరికాలో దరఖాస్తు డిపార్ట్‌మెంట్‌కు వెళ్తుంది, గడువులు ఎక్కువగా డిసెంబర్, జనవరి. ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టడం పరిచయానికే, అడ్మిషన్ కమిటీది. జర్మనీలో పీహెచ్‌డీ చాలాచోట్ల ఉద్యోగ ఒప్పందం: టీవీ-ఎల్ ఈ13 (అక్కడి ప్రభుత్వోద్యోగుల జీతాల పట్టికలో ఒక మెట్టు) స్కేల్‌లో సగమో, మూడింట రెండొంతులో జీతం. ఆ శాతం ఎంతో ప్రకటనలో చూడండి. యూరప్‌లోని మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లకు ఒక షరతుంది: నియామకానికి ముందు 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లకు ఇది అడ్డు కాదు. జర్మనీలో ఎమ్మెస్సీ చేసి అక్కడే నెట్‌వర్క్ సీటు వెతికేవాళ్లకు మాత్రం తలుపు మూసుకుంటుంది, పక్క దేశం సీటు చూసుకోవాలి.

9. చేరిన వారంలో

మీకిచ్చిన హుడ్ వెళ్లిపోతున్న సీనియర్‌దే అయితే, ఆయన ఉన్నప్పుడే డీప్ ఫ్రీజర్‌లోని వయల్స్‌ను నోట్‌బుక్ పేజీ నంబర్లతో సరిచూసుకోండి. లేబుల్ లేని వయల్ మీ చేతికి వచ్చాక ఇక అది వేస్ట్ డబ్బాలోకే. పబ్లిష్ కాని రియాక్షన్లు, ముఖ్యంగా పనిచేయనివి, ఏ పేజీల్లో ఉన్నాయో అడిగి రాసుకోండి.

పత్రాల్లో ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో, మైగ్రేషన్, టీసీ, కుల ధ్రువపత్రం, నెట్ అవార్డ్ లెటర్ ఉండాలి. మైగ్రేషన్ సర్టిఫికెట్‌కు మీ యూనివర్సిటీలో ఇంటర్వ్యూ పిలుపు రాగానే అప్లై చేయండి, చివర్లో అందరూ దాని దగ్గరే ఇరుక్కుంటారు. ఓబీసీ వాళ్ల నాన్-క్రీమీలేయర్ పత్రం సెంట్రల్ ఫార్మాట్‌లో, తాజా తేదీతో ఉండాలి. రాష్ట్రానికి ఇచ్చే బీసీ సర్టిఫికెట్ కేంద్ర సంస్థల్లో చెల్లదు. అవార్డ్ లెటర్ మీద చెల్లుబాటు గడువు ఉంటుంది, ఆలోపే జాయినింగ్ రిపోర్టు పెట్టాలి. ఫెలోషిప్ రోజులు లెక్కపెట్టేది ఆ రిపోర్టు మీది తేదీ నుంచే కనుక, గైడ్, హెడ్ సంతకాలు, ఇన్‌వర్డ్ ముద్ర పడిన కాపీ ఒకటి స్కాన్ చేసి మీ దగ్గర ఉంచుకోండి.